కొలతలకు వచ్చేవాళ్ళు

చింతాద్రిపేటలో ఒక పాత ఇంటి ముందు, కవరు కప్పిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పక్కన తండ్రీ కూతుళ్ళు నిలబడి ఉన్నారు.

"ఈ మోడల్ నిలిపేసి ఎన్నేళ్ళయింది. మళ్ళీ కొత్తగా చేసి అమ్ముతారంటే నమ్మేదెట్లమ్మా?"

"నిజమే నైనా. మనదాని కొలతలు తీసుకోను కంపెనీవాళ్ళు వస్తా ఉండారు. అచ్చం ఇట్లనే చేస్తారంట."

"తలుపు వేస్తే వచ్చే సద్దు?"

"అదీ ఇట్లనే ఉంటుందంట."

"అట్లయితే బానెట్ మీది మరక కూడా చూపించు. ఏటా ఆయుధపూజకి మీ అమ్మ ఒకే చోట కుంకుమ పెట్టి పెట్టి, తెల్ల పెయింట్‌లోకి దిగిపోయింది చూడు, అది. ఆమె పొయినాక ఆడ నేను గుడ్డ కూడా ఆనించలేదు."

కూతురు బానెట్ మీది కవరును ఇంకొంచెం కిందికి లాగి సర్దింది.

"ఏమ్మా?"

"తుప్పనుకున్నా నైనా. వాళ్ళొచ్చేలోపల బండి బాగుండాలని, నిన్న నువ్వు లేనప్పుడు పాలిష్ చేసేవాణ్ణి పిలిపించినా."

"పోయిందా?"

"మొత్తం పోయింది."

కవరు అంచు పట్టుకున్న తండ్రి, తీయకుండానే చెయ్యి వదిలేశాడు.

"సరి. మనదీ కొత్తదే అయిపోయింది. రమ్మను, కొలుచుకోనీ."