మంత్రి లేని చదరంగం

త్రిశ్శూర్ దగ్గరి టీకొట్టులో తను చేట్టా అని, అంటే అన్నా అని పిలిచే ఔసేప్పుతో ముప్పై ఏళ్లుగా చదరంగం ఆడుతున్న అంబుజాక్షన్, ఆ సాయంత్రం బల్ల మీద ఒక కొత్త పావు పెట్టాడు. శకటు మొండేనికి గుర్రం తల అతికించి ఉంది.

"ఏంట్రా ఇది?"

"కొత్త ఆట, చేట్టా. ఇది గుర్రంలా దూకుతుంది, శకటులా మూలగానూ పోతుంది. మంత్రిని తీసేసి దీన్ని పెడదాం."

"ఓహో! నా మంత్రి దెబ్బకి తట్టుకోలేక దాన్నే ఎత్తేశావన్నమాట. ఇంట్లో ఎన్నాళ్లు సాధన చేశావు?"

"ఒక్క ఆటా ఆడలేదు. గురువాయూరప్పన్ మీద ఒట్టు."

"నువ్వు ఒట్టేశావంటేనే ఏదో ఉంది. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు పాత ఆట ఎందుకు చేదయింది?"

అంబుజాక్షన్ కొత్త పావుని వేళ్ల మధ్య తిప్పాడు.

"చెప్తావా, లేచిపొమ్మంటావా?"

"మొన్న గుర్రాన్ని తిన్నగా జరిపావు, చేట్టా. అంతకు ముందు ఆదివారం కూడా. వెనక బల్లవాళ్లు నవ్వుకున్నారు."

ఔసేప్పుకి అదేదీ గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తురాలేదు.

"అబద్ధం," అన్నాడు. అంతలో భార్య మాట గుర్తొచ్చి, "ఇంట్లో ఆలీస్ కూడా ఇలాంటిదే ఏదో అంటోంది," అన్నాడు.

"ఈ ఆట అందరికీ కొత్తే. ఎవరు తప్పు జరిపినా కొత్త కదా అనుకుంటారు. నేనూ తప్పు జరుపుతాను."

"కావాలని తప్పు జరిపావో, బల్ల ఎత్తి నీ నెత్తిన వేస్తాను."

"అలాగే."

ఎప్పుడూ తెల్లపావులు వదలని ఔసేప్పు, అవి అంబుజాక్షన్ వైపు వచ్చేలా చదరంగం పలకని నెమ్మదిగా తిప్పాడు.

"నువ్వే మొదలుపెట్టు. చూసి నేర్చుకుంటాను."