తోకకి కట్టిన నిమ్మకాయ

రండి, రండి. అలగ గుమ్మంలో నిలబడకండి, లోపలికొచ్చి చాప మీద కూచోండి. ఒరే శీనూ, ఆ గోడకి ఆనుకోకు, సున్నం అంటుకుంటాది, మీ అమ్మ నన్నంటాది. ఇంకొంచెం దగ్గరికి జరగండి. నా గొంతు ఇప్పుడు బడిలోలాగ వెనక బెంచీ దాకా పోదు.

ఏటే లక్ష్మీ, చేతిలో ఏటది? స్టికరా? నక్షత్రం స్టికరు. బాగుంది. దాన్ని ఆ పైన వేలాడతన్న విమానం రెక్క మీద అంటిస్తానంటావు. "చిన్నదే కదా మాస్టారూ" అంటన్నావు.

అదిగో, ఆ మాట. సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలైంది అప్పుడు కూడా. ఆ తోక మీద పసుపు మరక కనబడతన్నాదా? ఆ మరకకీ నీ స్టికరుకీ చుట్టరికం ఉన్నాది. చెప్తాను విను. విన్నాక కూడా అంటిస్తానంటే నానే స్టూలు వేస్తాను.

ముందు మా బావ సంగతి చెప్పాల. సన్యాసిరావు బావ, మా అక్క మొగుడు. మీరు చూశారులే, ఆదివారాలు ఇక్కడికి వస్తాడు, తెల్ల మీసం. గాజువాకలో ఇల్లు. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. పైన ఒక చిన్న గదిలో కూచోవాల, కింద కరిగిన ఇనుముతో నిండిన బకెట్టు. బకెట్టంటే మీ బాత్రూంలో బకెట్టు కాదురా, ఈ గది దాంట్లో మునిగిపోతాది. దాన్ని ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తి, మెల్లగా తీసుకెళ్ళి, వంచాల. ఉద్యోగమంతా అదే. రిటైరైన రోజు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. టైముతో పని లేని రోజునే గడియారం ఎందుకిస్తారో నాకు తెలీదు. నాకూ ఒకటి ఇచ్చారనుకో, అదిగో, ఆగిపోయి ఉన్నాది.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు బావ ఊరికే కూచున్నాడు. తర్వాత ఒకరోజు నాతో అన్నాడు, "ఒరే, ఇన్నాళ్ళూ బరువులే ఎత్తాను. తేలికైనదాన్ని ఒక్కదాన్ని ఎత్తాలనుందిరా."

ఉద్యోగంలో చేరిన కొత్తలో బావ ఒక మైదానంలో చూశాడంట, ఎవరో ఆఫీసరు పాతకాలం బొమ్మ విమానం ఎగరేస్తన్నాడు. రెక్క పైన ఉంటాది, తోక గుండ్రంగా ఉంటాది, ఎండ పడితే కాగితంలోంచి లోపలి పుల్లలన్నీ కనబడతాయి. దగ్గరికెళ్ళి చూడబోతే ఆయన ముట్టుకోవద్దన్నాడంట. అప్పట్లో టీ అర్ధరూపాయి, బస్సెక్కితే... సరే, అది ఇప్పుడొద్దు. ఆ ముట్టుకోవద్దన్న మాట మాత్రం బావలో అలగే ఉండిపోయింది.

ఇంకోటి ఉన్నాది. ఆ మధ్య నుంచి బావ కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. టీ కప్పు పట్టుకుంటే కింద సాసరు గలగలమంటాది. డాక్టరు చూసి, తగ్గేది కాదు, పెరగకుండా చూద్దాం అన్నాడంట. "వేళ్ళు నా మాట వింటన్నప్పుడే ఒక్కసారి ఎగరెయ్యాల" అన్నాడు నాతో. ఒక్కసారి చాలన్నాడు. అందుకే అంత తొందర ఆయనకి. ఇది గుర్తుంచుకోండి, మిగతాదంతా దీని కోసమే.

కట్టడం మొదలెట్టాడు. డైనింగ్ టేబుల్ మీద నక్షా పరిచి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, జిగురు అంటకుండా. దాని మీద బాల్సా పుల్లలు. అది కర్రేగానీ కర్రలాగ ఉండదు, అరచేతిలో పెడితే పెట్టినట్టే తెలీదు. గుండుసూదులతో గుచ్చి, జిగురు పెట్టి, ఆరేదాకా చూస్తా కూచునేవాడు. వానాకాలం వెళ్ళిపోయింది. మా అక్క అన్నాళ్ళూ ఒళ్ళో కంచం పెట్టుకునే తిన్నాది. చివర్లో ఇంక ఉండబట్టలేక అన్నాది, "ఇది ఎగిరితే సరే. ఎగరకపోతే అటకెక్కుతాది. దాంతో పాటు నువ్వూ ఎక్కు."

కాలనీలో వాళ్ళు వచ్చి చూసేవారు. ఏటండీ, డ్రోనా? కాదు, విమానం. అదే, డ్రోనే కదా. ఫోన్లో నొక్కితే రేపొద్దున్నే ఇంటికొచ్చేస్తాది, ఎందుకండీ ఈ అవస్థ? బావ తలెత్తకుండానే చెప్పేవాడు, "రేపొద్దున్నే వచ్చేస్తే ఎల్లుండి నుంచి నాను ఏం చెయ్యాల?"

తర్వాత కాగితం కప్పడం. గాలిపటం కాగితంలాంటిదే, ఇంకా పల్చన. అంటించాక ముడతలు ముడతలుగా ఉంటే నాకు జాలేసింది, ఇన్నాళ్ళ పనీ పోయింది అనుకున్నాను. బావ నవ్వి, మా అక్క బట్టలకి ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు కొట్టే సీసా తెచ్చి, సన్నగా చిమ్మి వదిలేశాడు. ఆరేసరికి అదే బిగుసుకుని తబలాలాగైంది. వేలితో తడితే టక్కుమన్నాది. దాని మీద లక్కలాంటి మందొకటి పూశాడు, గోళ్ళ రంగు వాసన. ఆ వారం అక్క పెట్టిన పప్పుచారు కూడా అదే వాసన. చివర్న ముక్కుకి చిన్న మోటారూ పంకా బిగించాడు, కింద నిలబడి నడపడానికి చేతిలో రిమోటు.

ఇప్పుడు అసలు పాఠం. శీనూ, నీ స్కేలు ఇలగియ్యి. చూడండి, దీన్ని ఒక్క వేలి మీద నిలబెడతన్నాను. మధ్యలో పెడితే నిలబడింది కదా? ఇప్పుడు ఈ చివర రబ్బరు ముక్క పెడతాను. పడిపోయింది. రబ్బరు ముక్క ఎంతుంటాది? చిన్నదే. విమానమూ అంతే. రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే ముక్కు ఒక్క పిసరు కిందకి వంగి నిలబడాల. తోక బరువైతే ముక్కు పైకి లేస్తాది. అలాంటిదాన్ని వదిలితే నిట్టనిలువునా లేచి, గాల్లో ఆగి, వచ్చి నేల మీద పడతాది. పుల్లలు ఏరుకోవడమే. బావ రోజూ పడుకునే ముందు వేళ్ళ మీద ఎత్తి చూసుకునేవాడు, మీ అమ్మ మిమ్మల్ని నిద్రలో చూసుకున్నట్టు.

గాజువాకలో ఎగరెయ్యడానికి లేదు. అటు పోర్టు, ఇటు నేవీ. బావకి ఎగరేసే సరదా ఉందిగానీ పోయి జైల్లో కూచునే సరదా లేదు. అందుకని పెందుర్తి దాటి మన ఊరు, మన బడి మైదానం అనుకున్నాం. అడగాల్సినవాళ్ళని అడిగి, ఆదివారం ఉదయం నానూ బావా అక్కా, ముగ్గురమే వెళ్దాం అనుకున్నాం.

కాలనీ సంఘం ప్రెసిడెంటు గారికి తెలిసిపోయింది. గోదావరి వైపు నుంచి వచ్చినాయన, మర్యాదస్తుడు, మాట తియ్యన. "ఆయ్, తప్పండీ. మన కాలనీలో పుట్టిన విమానమండి. ప్రారంభోత్సవం లేకుండా ఎలాగండీ?" అన్నాడు. బావకి కాదనడం రాదు. క్రేన్ మీద కూడా కిందవాళ్ళు చెయ్యి ఎటు ఊపితే అటు తిప్పడమే కదా అలవాటు.

ఆదివారం చూద్దును కదా, బస్సు నిండా జనం. షామియానా. మైకు. ఫ్లెక్సీలో ప్రెసిడెంటు గారు నిలువెత్తున ఉన్నారు, పక్కన వార్డు నాయకుడు ముఖ్య అతిథి, ఆయనా నిలువెత్తే. కింద మూల విమానం ఉన్నాది, దోమంత. అదీ మన విమానం కాదు, నెట్లోంచి తీసిన జెట్టు. బావ పేరు ఎక్కడా అని వెతికితే ఫ్లెక్సీ మడతలో దొరికింది.

పంతులు గారు వచ్చారు. కొత్త బండికి పూజ చెయ్యకుండా కదుపుతామేటి? విమానమూ బండే. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. బొట్టు పెట్టాల కదా, ముక్కుకి పెడదామంటే అక్కడ పంకా ఉన్నాది. పంకాకి తగిలితే అపశకునం. కాబట్టి వెనక పెట్టండి అన్నారు. తోకకి పసుపు రాశారు, పల్చగా కాదు, గడపకి రాసినట్టు. దాని మీద కుంకం. బంతిపూల దండ తెచ్చారు. ముందు వేస్తే పంకాలో చుట్టుకుంటాది, వెనక వెయ్యండి. సంఘం పేరున్న స్టికరు, రెక్క మీద వేస్తే బావ మొహం మాడిపోయింది, సరే తోక మీద వేద్దాం అన్నారు. చిన్న జెండా. అదీ తోకకే. ప్రతివాళ్ళూ ఒకే మాట, చిన్నదే కదా. అర్థమైందా లక్ష్మీ?

చివరికి మా అక్క కూడా. దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి తెచ్చింది. ఎక్కడ కట్టాల? ఇంకెక్కడ, తోకకే. బావ ఏదో అనబోయాడు. అక్క మొహం చూసి కట్టనిచ్చాడు.

అప్పుడు బావ రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తాడు. ముక్కు ఆకాశంలోకి లేచింది, తోక కిందకి వేలాడిపోయింది. బావ నా వైపు చూశాడు. నాకు ఆ చూపు తెలుసు, బళ్ళో లెక్క తప్పని తెలిసీ నిలబడ్డ పిల్లడి చూపు. ప్రెసిడెంటు గారు మైకులో అన్నారు, "చూశారాండీ, అప్పుడే ముక్కు పైకెత్తిందండి. ఎగరాలని ఎంత ఉబలాటమో." జనం చప్పట్లు కొట్టారు.

ముఖ్య అతిథి గారికి మద్దిలపాలెంలో ఇంకో ప్రారంభోత్సవం ఉందంట. ఒక్క రౌండు కానిచ్చెయ్యండి, వెళ్ళిపోతాను అన్నారు. రిమోటు పట్టుకుని ఫోటో దిగారు, ప్రెసిడెంటు గారు విమానాన్ని తల మీదకెత్తి ఫోటో దిగారు, పంతులు గారు కూడా దిగారు. తర్వాత రిమోటు బావ చేతిలో పెట్టారు. ఆ చెయ్యి వణుకుతన్నాది. అది వణుకో భయమో నాకు తెలీలేదు. ఇన్ని నెలల పని, ఒక్కసారి చాలన్న మనిషి, అందరి ముందూ దాన్ని నేలకేసి కొట్టబోతన్నాడు, కాదనడం రాక.

నానేం చెయ్యాల? బరువు గురించి పాఠం చెప్పనా? మైకు ప్రెసిడెంటు గారి దగ్గరుంది, అదొకటి. పాఠం చెప్తే పెద్దవాళ్ళు వినరు, అది రెండోది. అప్పుడు బడి వెనక వంటగది వైపు నుంచి, బస్సులో వచ్చినవాళ్ళ కోసం వండుతన్న పులిహోర తాలింపు వాసనొచ్చింది.

మన బడి గంట తెలుసు కదా, వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క. వెళ్ళి అన్నం గంట కొట్టాను.

ఆ చప్పుడు వింటే మీరేటి, మీ తాతలు కూడా ఆగరు. ఒక పెద్దాయన లేచాడు. ఆయన వెనక ఇద్దరు. పులిహోర చల్లారిపోతాది అని ఎవరో అన్నారు. షామియానా ఖాళీ అయిపోయింది. ముఖ్య అతిథి గారు కూడా, సరే ఒక ముద్ద తినేసి చూద్దాం అని వెళ్ళారు. ప్రెసిడెంటు గారు ఆయన వెనక విస్తరి పట్టుకుని వెళ్ళారు.

మైదానంలో ముగ్గురం మిగిలాం. బావ దండ తీశాడు. జెండా తీశాడు. స్టికరు మెల్లగా గోకి తీశాడు. పసుపు తడిగుడ్డతో తుడిచాడు, మరక ఉండిపోయింది, అదే మీరు చూస్తన్నది. నిమ్మకాయ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్క కట్టింది కదా.

మళ్ళీ వేళ్ళ మీద ఎత్తి అక్కకి చూపించాడు. తోక ఇంకా కిందకే ఉన్నాది. అక్క చూసింది. తనే దారం పళ్ళతో కొరికి తెంపింది. ఆ నిమ్మకాయా మిరపకాయలూ తీసి బావ చొక్కా జేబులో పెట్టింది.

"దిష్టి దానికెందుకు తగుల్తాదయ్యా, కర్రముక్కకి? తగిలితే నీకే తగులుతాది. నీ జేబులో ఉండనీ. ఊఁ, కానియ్."

గాలికి ఎదురుగా నిలబడి నాను విమానం పట్టుకున్నాను, బావ రిమోటుతో పంకా తిప్పాడు. విసరకు, వదులు అన్నాడు బావ. వదిలాను. అది ఒక్క క్షణం కిందకి జారి, తర్వాత తనంతట తానే తేలింది. బడి కప్పు మీదుగా, తాటిచెట్ల మీదుగా. ఎండ పడి రెక్కల్లో పుల్లలన్నీ కనబడ్డాయి. తిరిగేటప్పుడు రెక్కలు కొంచెం ఊగాయి. గాలి అన్నాడు బావ. గాలే అన్నాను నాను. అక్క ఆయన కుడి మోచెయ్యి కింద చెయ్యేసి నిలబడింది.

దింపేసరికి అటు ముఖ్య అతిథి గారి కారు వెళ్ళిపోయింది, జనం బస్సెక్కుతన్నారు. ఎగరెయ్యలేదేటి అని ఒక్కరూ అడగలేదు. పులిహోర బాగుందన్నారు.

మర్నాడు కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంటు గారు ఫోటో పెట్టారు, విమానం తల మీద పెట్టుకున్నది. కింద రాశారు, 'మన విమానం విజయవంతంగా ఎగిరింది' అని. పాపం ఆయన అబద్ధం రాశాననుకునే రాశారు. బావ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

అప్పటి నుంచి ఒక్కసారి చాలన్న మనిషి ప్రతి ఆదివారం వస్తన్నాడు. రేపూ వస్తాడు. మీరూ రండి, చూడండి. ఉత్త చేతులతో రండి.

ఏటే లక్ష్మీ, ఇంకా స్టికరు వేలికే ఉంచుకున్నావు? స్టూలు వెయ్యనా? వద్దా. మరి పారేస్తావేటి అంత మంచి నక్షత్రాన్ని? ఇలగ రా. నా చొక్కాకి అంటించు. జేబు మీద. ఆఁ, గట్టిగా నొక్కు. నాను ఎలాగూ ఎగిరేది లేదు కదా, ఎంత బరువైనా ఫరవాలేదు.

సరే, చీకటి పడతన్నాది, మీ ఇళ్ళల్లో కంచాలు పెట్టుంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి, పెరుగన్నం వదిలెయ్యకండి, చల్లగా ఉండండి. ఏటి, ఇంకా కూచున్నారు? గంట కొట్టమంటారేటి?