లాకు తలుపు, మావయ్య వీపు

కోతలు కోసే మొగుడున్న ఇంట్లో కొడవలి కొనక్కర్లేదని అత్తయ్య అంటూ ఉంటుంది. ఆవిడ ఊరందరికీ అత్తయ్యే, ఎందుకంటే ఆవిడ మొగుడు ఊరందరికీ లాకు మావయ్య. కాలువలో పడవలు తిరిగే రోజుల్లో ఆయన, నీటి మట్టం పెంచి తగ్గించి పడవల్ని దాటించే లాకు తలుపులు తీసి మూసే ఉద్యోగం చేశాడు. పడవలు పోయాయి, నూలు మిల్లు మూతపడింది, బొగ్గు గోదాములో పావురాలు కాపురం పెట్టాయి. మావయ్య నోరు మాత్రం మూతపడలేదు. లాకు పక్కనే ఉన్న పాత టోలు గదిలో అత్తయ్య టీ కొట్టు నడుపుతుంది. ఆ కొట్లో బెంచీ మీద పొద్దున్నుంచీ కూర్చుని, వచ్చినవాళ్లకల్లా ఆయన తన ప్రతాపం వినిపిస్తాడు. రెండో టీ తాగుదామనుకున్నవాడు కూడా మొదటిది సగంలో వదిలేసి వెళ్లిపోతాడు.

అందుకే, రోజూ పొద్దున పూట జనాన్ని కాలువ గట్టు వెంట నడిపించి పాత మిల్లూ గోదాములూ క్రేనూ చూపించడానికి ఓ మనిషి కావాలని మ్యూజియం మేడం వచ్చినప్పుడు అత్తయ్యకి ప్రాణం లేచివచ్చింది. "మా ఆయన ఉన్నారుగా!" అని అడక్కముందే అనేసింది. మేడం కాస్త నసిగింది. మనిషెందుకు, చెవుల్లో పెట్టుకుని వినే రికార్డింగు పెట్టేస్తే పోలా అని పైవాళ్లు అంటున్నారట. మనిషినే పెట్టాలంటే ఒక్కటే షరతు, జరిగిందే చెప్పాలి, జరగనిది ఒక్క ముక్క చెప్పకూడదు. ముందొక నడక తనే స్వయంగా వచ్చి చూస్తానంది.

ఆ నడక ఇవాళే. ఈ మనిషి పొద్దున పూట గట్టెక్కితే చాలు, తన కొట్లో టీ మరిగే చప్పుడు తను చెవులారా వినొచ్చు. అత్తయ్యకి అంతకంటే కోరికేం లేదు. బయల్దేరేటప్పుడు మావయ్య చొక్కా కాలరు సర్దుతూ, "నోరు జారారో, నా మీద ఒట్టే" అని కూడా చెప్పింది.

చెప్పినందుకు ఆయన కూడా బంగారంలా నడుచుకున్నాడు. మిల్లు దగ్గర మిల్లు గురించే చెప్పాడు, గోదాము దగ్గర గోదాము గురించే చెప్పాడు. పడవల తాళ్లు ఒరుసుకుని రాతి మీద పడ్డ గాట్లు చూపించి, "తాళ్ల వల్లే" అని ఊరుకున్నాడు. తిరిగి కొట్టు దగ్గరికి వచ్చేసరికి పాపం మనిషి మొహం కందగడ్డలా ఉంది. మేడం అత్తయ్య దగ్గరికొచ్చి "బాగా చేశారండీ" అని మెల్లిగా చెప్పింది కూడా. అక్కడితో అందరూ ఇళ్లకి పోయుంటే కథ సుఖాంతమే. కానీ వాన మొదలైంది. నడకకొచ్చిన వాళ్లంతా కొట్టు చూరు కిందకి చేరి టీ చెప్పారు.

వాళ్లలో ఓ పళ్ల డాక్టరు ఉన్నాడు. ఊరికే ఉండలేక, "ఇన్నేళ్లు పనిచేశారు కదా మావయ్యా, ఏదన్నా విశేషం జరిగిందా?" అని అడిగాడు. అత్తయ్య కళ్లతోనే మావయ్యకి వద్దని సైగ చేసింది.

"విశేషాలేం ఉంటాయి బాబూ," అన్నాడు మావయ్య ఎంతో వినయంగా. ఆ వినయానికే అత్తయ్యకి ఇంకా భయమేసింది. "ఓసారి మాత్రం, లాకు తొట్టి ఖాళీ చేసి అడుగున బురద ఎత్తుతున్నాం. అందరూ అన్నాలకి పోయారు, నేనొక్కణ్ణే లోపల. ఉన్నట్టుండి వాన. కాలువ పొంగుతోంది, పై తలుపు కిర్రుమంటోంది. ఇంకోడైతే నిచ్చెనెక్కి పారిపోతాడు. నేనేం చేశానో తెలుసా? వెళ్లి తలుపుకి వీపు ఆనించా. అంతే. పెద్ద సంగతేం కాదు."

"అమ్మో! అంత తలుపునే!" అంది నడకకొచ్చిన టైలరమ్మ.

ఆ ఒక్క 'అమ్మో' చాలు మావయ్యకి. అత్తయ్య గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టింది, ఆయన వింటేగా!

"అంత అంటావేంటమ్మా, అప్పట్లో ఇంకా పెద్దది, ఎండకి ఎండీ ఎండీ ఇలా కుంచించుకుపోయింది. సరే, వీపు ఆనించానా, నీళ్లు తలుపు అంచు దాకా వచ్చాయి, అంచు దాటాయి, దాటి ఇంకా పైకి లేస్తున్నాయి..."

"దాటితే మీ నెత్తిన పడవా?" అన్నాడు డాక్టరు.

"పడాలనే చూశాయి. తలెత్తి ఒక్క చూపు చూశా, అలాగే గోడలా నిలబడిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నీళ్ల మీద నూలు బేళ్ల పడవొకటి వచ్చేసింది! సరంగు పైనుంచి 'మావయ్యా, ఎటు పోనూ?' అని కేక. 'నాకిప్పుడు ఖాళీ లేదు, మిల్లు పొగగొట్టానికి తాడేసి కట్టుకుని కూర్చోరా' అన్నా. కట్టాడు, సరిగ్గా పొగగొట్టం పైకొసకి. అక్కడ ఇటుక అరిగి ఉంటుంది, కావాలంటే ఎక్కి చూసుకోండి."

అందరూ వానలోంచి తలలెత్తి పొగగొట్టం వంక చూశారు. మేడం కూడా చూసింది, చూసి కనుబొమలు ముడేసింది.

"ఏవండీ, ఆ పంచదార డబ్బా ఇలా అందుకోండి," అంది అత్తయ్య పళ్ల మధ్యనుంచి.

"ఉండవే! డబ్బా అంటే గుర్తొచ్చింది, నాకు ఆకలేసింది బాబూ. వీపు తలుపు మీదే ఉంచి, ఒంటిచేత్తో క్యారేజీ విప్పి భోంచేశా. దాంతో ఒంట్లో సత్తువ ఎక్కువైపోయింది, అదే నా పొరపాటు. తలుపుని కొంచెం వెనక్కి నెట్టా. కొంచెమే! కాలువ కాలువంతా వెనక్కి నడిచింది. ముందురోజు బయల్దేరిన పడవలన్నీ సరుకుతో సహా ఎక్కిన రేవుకే పోయి చేరాయి. సరంగుల పెళ్లాలు, 'అదేంటి, అప్పుడే వచ్చేశారు, ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు' అని ఒకటే కంగారు. అక్కడితో ఆగిందా? కాలువ పోయి నదిని నెట్టింది, నది పోయి కొండవాగుని నెట్టింది, వాగుకి ఇంకెక్కడికి పోవాలో తోచక మబ్బుల్లోకి పోయింది. ఆ రోజు వాన కిందనుంచి పైకి కురిసింది!"

మేడం గ్లాసు కింద పెట్టింది.

"మావయ్యగారూ, నా షరతు గుర్తుందా?"

"జరిగిందే చెప్పా మేడం! కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. ఆ రోజు క్యారేజీ తెచ్చింది తనే."

అందరి మొహాలూ అత్తయ్య వైపు తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునంటే మేడం తననీ ఆ గాటనే కట్టేస్తుంది, కాదంటే ఈయన మళ్లీ బెంచీ ఎక్కుతాడు. అయినా వాన కిందనుంచి పైకి కురిసిందంటే ఎంత పెళ్లామైనా ఎలా తలూపుతుంది?

"క్యారేజీ తెచ్చింది నేనేనమ్మా," అంది నిట్టూర్చి. "వీపు ఆనించిన మాటా నిజమే. కానీ ఆ తలుపుని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. దాని రెక్కలు రెండూ నీళ్లొచ్చే వైపుకి మొన తిరిగి కలుసుకుంటాయి. నీళ్లు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. తలుపుని ఈయన నిలబెట్టలేదు, తలుపే ఈయన్ని నిలబెట్టింది. నేను వెళ్లేసరికి దానికి ఆనుకుని నిలువునా నిద్రపోతున్నారు."

చూరు ఎగిరిపోయేలా నవ్వారు. టైలరమ్మకి పొలమారింది. మావయ్య తల దించుకుని గ్లాసులోకి చూసుకుంటుంటే మాత్రం అత్తయ్యకి నిజంగానే జాలేసింది. అనకుండా ఉండాల్సింది అనుకుంది.

ఇంతలో డాక్టరు రెండు అరచేతులూ ఏటవాలుగా ఆనించి, "అంటే ఇటునుంచి నీళ్లు తోస్తే ఇలా బిగుస్తుందా! భలే!" అన్నాడు. టైలరమ్మ ఆ చేతుల్ని తోసి చూసింది. అందరూ చేతులు ఆనించి ఒకళ్లనొకళ్లు తోసుకోవడం మొదలుపెట్టారు. మేడం వాళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"ఈ సంగతే బోర్డు మీద రాయించి తలుపు పక్కన పెట్టించాను," అంది చివరికి. "ఒక్కళ్లూ ఆగి చదవలేదు. రికార్డింగు వద్దులెండి. రేపట్నుంచి మీ ఇద్దరూ రండి. ఆయన చెప్పాలి, మీరు సరిదిద్దాలి. టీ కొట్టు నడక అయ్యాకే తెరవచ్చు."

టీ మరిగే చప్పుడు వినాలనుకున్న అత్తయ్యకి, ఇక రోజూ గట్టు పొడుగునా ఆయన గొంతే.

మావయ్య మాత్రం ఛాతీ విరుచుకుని డాక్టరు వైపు తిరిగాడు. "చూశారా బాబూ? మా ఆవిడకి ఉద్యోగం ఇప్పించాలని నేనెప్పట్నుంచి పథకం వేస్తున్నాననుకున్నారు? అసలు ఆ రోజు లాకులో నేను నిద్ర నటించింది ఎందుకనుకున్నారు?"

"గురక కూడా నటించారా?" అంది అత్తయ్య.