ఇంటికొక్క మూట

"అమ్మమ్మా, వాగొచ్చిన నాడు శాంతత్త కుట్టుమిషిని ఇడిచిపెట్టి ఎవలదో మూట పట్టుకపోయినవట గదా. అమ్మ చెప్పింది. ఎందుకట్ల చేసినవ్?"

మీ అమ్మకేం పని లేదా, కరీంనగర్ల కూసోని మా ఇంటి ముచ్చట్లు చెప్తది. సరే తీ. నా మాటలు రికార్డు చేసే గా ఫోను జర దూరం పెట్టు బిడ్డా, మూతి కాడ పెడితె నాకు మాట రాదు. ఆఁ, గట్ల.

ఎవలదో కాదు, కౌసాబాయిది. నీకు యాదికుండది, నువ్వు వచ్చినప్పుడల్లా ఫోను చూసుకుంట పంటవు. మన ఇంటెన్క గుడిసె ఉండె. మరాఠోళ్ళు. మొగడు చచ్చిపోయినంక ఒక్కతే బతికింది. పత్తి ఏరపోయేది, కలుపు తియ్యపోయేది. తెలుగు సగం, మరాఠీ సగం మాట్లాడేది. వాళ్ళు దేవుండ్లకు మొక్కేటోళ్ళు, మనం చర్చికి పొయ్యేటోళ్ళం. అయితె ఏంది? ఆమెకు జరమొస్తె నేను గంజి కాసిచ్చిన. మీ తాత పోయిన నాడు నా పక్కపొంటి కూసున్నది ఆమెనే, మన చుట్టాలు వచ్చేదాక.

ఆ యేడు వానలు షురూ కాంగనే ఆమె బిడ్డకు నెలలు నిండినయి. బిడ్డను భైంసల ఇచ్చిండ్రు. కానుపు చెయ్యపోవాలె. గుడిసెకు తడికె తలుపు, మీదికెళ్ళి నీళ్ళు కారుతయి. ఒకనాడు పొద్దుగాల ఇంత పెద్ద మూట నెత్తిన పెట్టుకోని వచ్చింది. పాత గోదడిల, గదే బొంతల చుట్టి, చీరె అంచు చింపి కట్టింది. దించుదామని చెయ్యేసిన, నాతోని కాలే. ఇద్దరం పట్టి దించినం. "అక్కా, అమానతు" అన్నది. గంతే.

అమానతంటె తెలుసా నీకు? ఇప్పటోళ్ళకు బ్యాంకు లాకర్లు ఉన్నయి, అమానతు ఏం తెలుస్తది. మా అవ్వ, అంటె మీ ముత్తవ్వ, బైబిలు చెప్పుకుంట ఊర్లు తిరిగేది. తెల్ల చీరె కట్టేది. కూలి చేసేటోళ్ళకు గప్పుడు దినమంత కలుపు తీస్తె వచ్చేది పూటకు సరిపోయె జొన్నలే. పైసల మొఖం ఎవలు చూసిండ్రు. కరువొస్తె ఊరిడిచి పనికి పొయ్యేటోళ్ళు, పొయ్యే ముందు కడియమో, పట్టీలో, ఇత్తడి గిన్నెనో మా అవ్వ దగ్గర పెట్టి పొయ్యేటోళ్ళు. మూట కట్టి, ముడేసి తేవాలె. తెచ్చినామె ముడి మీద చెయ్యి పెడ్తది, తీసుకునేటామె కూడ చెయ్యి పెడ్తది. లోపల ఏమున్నదని అడగొద్దు. ఆమె కూడ చెప్పొద్దు.

"అడిగితె ఏమైతదవ్వా" అని నేను చిన్నప్పుడు అడిగిన. "ఏమున్నదో తెలిస్తె దాని ధర తెలుస్తది. ధర తెలిస్తె గిది కాపాడాల్నా, అక్కర లేదా అని మనసు బేరమాడ్తది" అన్నది. ఒకసారేమైంది, ఎవలో ఒకామె మూట పెట్టి పోయింది. దానికి చీమలు పట్టినయి. మా అవ్వ ఎండకాలమంత దినాం చీమలు దులుపుడే, బూడిద చల్లుడే. ఇప్పి చూడలే. ఆమె వచ్చి ముడి ఇప్పితె ఏమున్నదనుకున్నవ్? బెల్లం! మా బాపు నవ్వి నవ్వి మంచం మీద పడ్డడు. మా అవ్వ నవ్వలే. "ఆమెకు గదే బంగారం" అన్నది.

ఏం చెప్తున్న? ఆఁ, కౌసాబాయి. ముడి మీద చెయ్యి పెట్టి తీసుకున్న. గింజల కాగు పక్కకు పెట్టిన. ఆమె భైంసా బస్సెక్కింది.

ఇగ వాన పట్టుకున్నది. ఆగదే. పొయ్యిల కట్టెలు అంటుకోవు, గోడలు నీరు తాగినయి. ఒకనాడు పొద్దుగాల చాయ తాగుతున్నం, పంచాయితి మైకుల ఒర్రుతున్నరు. పైన ప్రాజెక్టు నిండింది, గేట్లెత్తినా నీళ్ళు ఆగుతలేవు, వాగొడ్డు ఇండ్లన్ని ఖాళీ చెయ్యిండ్రి అని. నాకు మొదలు నమ్మబుద్ధి కాలే. గిన్నేండ్లకెళ్ళి ఉంటున్నం, ఇంట్లకెప్పుడు నీళ్ళు రాలే. మీ దానేలు మామ వాగు దిక్కు పోయి చూసొచ్చి, పాసుబుక్కు, ఆధార్ కార్డులు పాలిథిన్ కవర్ల పెట్టి అంగి లోపట దోపుకున్నడు. వాని మొఖం చూస్తె నాకు బుగులు పుట్టింది.

ట్రాక్టరొచ్చింది. ఒక్కటే ట్రాలీ, వాడకంత అదే. దాని మీద పోలీసు పిలగాడు నిలబడ్డడు, మన దానేలంత ఉంటడు. "మనుషులు ముందు ఎక్కాలె. సామాను ఇంటికొక్క మూట, అంతకు మించి ఎక్కనియ్య" అన్నడు. ఇగ చూడు ఆగం. ఒకాయన మంచం ఎత్తుకొచ్చిండు. "గిది మూటనా?" అని పోలీసాయన అంటె, "కట్టితె మూటనే గదా సార్" అన్నడు. ముసలోళ్ళు కూసునే జాగ లేదు, వానికి మంచం గావాలె. ఎదురింటి రాజవ్వ టీవి పట్టుకొచ్చి, రిమోటు ఇంట్ల మరిచినవని మొగని మీద లేస్తున్నది. "కరెంటే లేదు, రిమోటు ఏం చేస్తవే" అని ఆయన. నవ్వకు. ఆనాడెవ్వలు నవ్వలే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి చెయ్యి ఎటువోతదో వానికే తెల్వది.

మీ శాంతత్త చెయ్యి మిషిని మీదికి పోయింది. పోవాలె గద మరి. అది ఆమె పుట్టింటోళ్ళు హుస్నాబాద్ల కొనిచ్చిన మిషిని. పెండ్లైనకాడికెళ్ళి దాని మీద కుట్టే ఇల్లు నడిపింది. మీ మామ ఎవుసం ఎరుకే గదా, ఒక యేడు పండితె రెండేండ్లు ఎండుతది. దానేలు మిషిని తలకాయ ఊడదీసి గోనెసంచిల కట్టి ఇచ్చిండు. ఆమె దాన్ని సంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకానించుకున్నది.

గప్పుడు నేను కౌసాబాయి మూట ఈడ్చుకుంట గడప దాటిచ్చిన.

"గిదేందవ్వా?" అన్నడు దానేలు.

"అమానతు. గిది ఎక్కాలె."

"మనయే ఎక్కుతలేవు, ఇంకొకలది ఎక్కిస్తవా?"

"మనది పోతె మనం ఏడ్చుకుంటం. గిది పోతె, నమ్మి ఇచ్చినందుకు ఆమె ఏడుస్తది."

వాడు నా దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. "ఇప్పి చూద్దామవ్వా. పాతబట్టలైతె ఇడిచిపెడ్దాం. సొమ్మైతె నడుముకు కట్టుకుందాం. జల్ది అయిపోతది" అని ముడి మీద చెయ్యేసిండు. చెయ్యి తీయమన్న. తీసిండు గని ఊకోలే. "బరువు చూస్తె ఇత్తడి దేవుండ్లున్నట్టున్నయి. బాపు చర్చిల పెద్దమనిషిగ చేసిండు. నువ్వు వాళ్ళ దేవుండ్లను మోసుకుంట పోతవా?" అన్నడు.

"ఏమున్నదో నేను అడగలే. నేను మోసేది నా మాట" అన్న.

శాంత అరవలే బిడ్డా. అరిస్తె బాగుండు. మెల్లగ అన్నది, "అత్తా, గిది మిషిని కాదు, నా అన్నం. బడి పిల్లల బట్టలు కుట్టే కాలం. ఎట్ల బతకమంటవు?"

నేనేమన్ననో చెప్త, దాచేది లేదు. "బడి పిల్లల బట్టలు మందియి. అవి ఏడున్నయి? పట్టుకరా" అన్న. ఆమె లోపలికి పోయి కత్తిరించిన బట్ట, కత్తిరించని బట్ట అంత తెచ్చింది. సగం ఆమె నడుముకు, సగం నా నడుముకు చుట్టుకోని మీదికెళ్ళి చీరె కప్పుకున్నం. మిషిని మాత్రం కిందనే ఉన్నది. ఆమె పోలీసాయనకు చేతులు జోడించింది. "నీకొక్కదానికి ఎక్కనిస్తె అందరు తెస్తరమ్మా, మనుషులను దించాల్సొస్తది" అన్నడు. ఆయన మాట న్యాయమే. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు.

దానేలు మిషిని తలకాయను అటుక మీదికి ఎక్కిచ్చిండు. నా సందుగ కూడ ఎక్కిచ్చిండు. అండ్ల మీ తాత బైబిలున్నది. "బాపు బైబిలన్న చేతుల పట్టుకో అవ్వా" అన్నడు. ఒద్దన్న. కోడలి మిషిని ఇడిచిపెట్టిచ్చి నా మొగని బైబిలు నేను పట్టుకుంటె, అది న్యాయమా? నువ్వే చెప్పు. కొత్త బైబిలు దొరుకుతది. మీ తాత పెన్సిలుతోని గీతలు గీసిన బైబిలు దొరకది, నాకు తెల్వదా. ఎండకాలం మాపటికి వాకిట్ల కూసోని చదివేటోడు, గీత గీసినకాడ నన్ను పిలిచి ఇనిపిచ్చేటోడు. సరే. అది వేరే ముచ్చట.

గడ్డ మీది బడిల దించిండ్రు మమ్ముల. మధ్యాన్నానికి వాగు ఊర్లకొచ్చింది. బడి అరుగు మీదికెళ్ళి చూస్తె మన ఇంటి పెంకలు కనిపిస్తున్నయి, గోడలు కనిపిస్తలేవు. మంది ఏడుస్తుండ్రు, యేసయ్యా అనేటోళ్ళు, రామా అనేటోళ్ళు. నేను ఆ మూట పక్కన కూసున్న. మీ శాంతత్త నాకు వీపు పెట్టి కూసున్నది. అటుకులు నానబెట్టి పెడితె ముట్టలే.

నీళ్ళు తీసినంక ఇంటికొచ్చినం. ఎన్కగోడ కూలింది, గోడతోని అటుక కూలింది. మిషిని బురదల దొరికింది. కిరసనాయిల్ పెట్టి తోమింది, ఎండల పెట్టింది, దానేలు పానాలు పట్టుకోని తిప్పిండు. చక్రం తిరగలే. బైబిలు ఉబ్బి ముద్దయింది, అట్ట ఒక్కటే మిగిలింది. బడి పిల్లల బట్టలు ఉతికి ఎవలయి వాళ్ళకు ఇచ్చినం, ఒక్క ముక్క పోలే. ఇచ్చేటప్పుడు శాంత ఒక్కొక్క ఇంటికి పోయి "నేను కుట్టలేను, ఇంకొకలకు ఇయ్యిండ్రి" అని చెప్పొచ్చింది. నేను అరుగు మీద కూసోని ఆమె పొయ్యేది చూసిన, వచ్చేది చూసిన.

తొవ్వలు బాగైనంక కౌసాబాయి వచ్చింది. మనుమడు పుట్టిండట. గుడిసె ఉన్నకాడ ఏం లేదు బిడ్డా, పొయ్యిరాయి కూడ లేదు. ఆమె అటు దిక్కు పోలే, సక్కగ మన వాకిట్లకొచ్చి నిలబడ్డది. మొఖంల నెత్తురు లేదు. "ఆహే కా, అక్కా?" అన్నది. ఉన్నదా అని.

"ఉన్నది. ముడి చూసుకో" అన్న.

మూట ముంగట కూలబడి ముడి మీద చెయ్యి పెట్టింది. మల్ల తలకాయ ఆనిచ్చింది. ఇప్పలే. నేను అడగలే. దానేలు తలుపు కాడ నిలబడి మెడ చాపుతుండు, నేను చూస్తె లోపలికి పోయిండు.

చాయ తాగినంక, "ఇగ ఇక్కడ నాకేమున్నది, బిడ్డ దగ్గరికే పోత" అన్నది. "మీయి ఏం పోయినయి అక్కా?" అని అడిగింది. "ఏం పోలే" అన్న. అయితె వాకిట్ల గోనె మీద మిషిని తలకాయ చిలుము పట్టి ఉన్నదాయె. ఆమె జాకెట్లన్ని కుట్టిన మిషిని అది. అటు చూసింది, శాంత దిక్కు చూసింది. మూట దిక్కు చూసింది. మనిషి దెబ్బ తిన్నట్టయింది. "శాంతా, దీని కోసం..." అన్నది.

నేనేం చెప్పాలె? పోయింది నాది కాదు. "ఏం గాదు తీ" అనేటందుకు నాకు హక్కు లేదు.

శాంత వంటకాడికెళ్ళి లేచొచ్చింది. చేతులు కొంగుకు తుడ్సుకున్నది. పాతచీరె చుట్టగ చుట్టి నెత్తిన పెట్టుకోని, "ఎత్తు బాయి, బస్సు పోతది" అన్నది. కౌసాబాయి వద్దు వద్దన్నది. "నడువు" అన్నది శాంత. నేను, కౌసాబాయి కలిసి శాంత నెత్తికెత్తినం. మెడ నరాలు తేలినయి. ఆ బురద తొవ్వ పొంటి సడక్ దాక మోసుకపోయింది, ఎన్క కౌసాబాయి కండ్లు తుడ్సుకుంట.

మాపటికి తిరిగొచ్చి అరుగు మీద నా పక్కపొంటి కూసున్నది. బడికాడి నుంచి అంత దగ్గర కూసోలే. మెడ రాసుకుంట అన్నది, "మస్తు బరువున్నదత్తా. ఎట్ల ఈడ్చినవు ఒక్కదానివి?"

"ఏమున్నదని అడిగినవా?" అన్న.

"అడగలే" అన్నది. లేచి పొయ్యి అంటువెట్టపోయింది.

గంతే బిడ్డా. ఇప్పటికి దినాం ఇంకొకల ఇంట్ల మిషిని మీద కుట్టపోతది, వచ్చిన దాంట్ల వాళ్ళకు సగం. దానికి ఫికర్ పడుత, గని మల్ల వాగొచ్చినా మల్ల గదే చేస్త. ఆమెకు నా మీద కోపం పోయిందో లేదో నేను అడగలే, ఆమె చెప్పలే. పొద్దుగాల నాకు చాయ ఆమెనే పోస్తది.

నువ్వు పెద్ద చదువు చదువుతున్నవు. రేపు మంది నమ్మి నీ చేతుల ఏదన్న పెడ్తరు. పెట్టేంత మంచిదానివి కావాలె నువ్వు, నిలుపుకునే బలం దేవుడియ్యాలె. సల్లగుండు బిడ్డా. అగో, మీ అత్తమ్మ వస్తున్నది, ఎండలకెళ్ళి వస్తున్నది... లేచి మంచినీళ్ళియ్యి పో...