గోడ లేని షెడ్డు

విజయనగరం ఆర్కిటెక్చర్ కాలేజీలో ప్రాజెక్టులకు మార్కులేసే ఫైనల్ జ్యూరీకి ఇంకో గంటే ఉంది. భావనపాడు జాలరిపేట నుంచి వచ్చిన విద్యార్థిని తన డ్రాయింగు షీట్లు గైడు ముందు పరిచింది; ఆయన సంతకం లేకపోతే ఆమెను లోపలికి రానివ్వరు.

“భావనపాడులో నేను గీసిన ఎండుచేపల షెడ్డునే మార్చేసావా? సముద్రం వైపు గోడేదీ?”

“గోడుంటే గాలి రాదు సార్. మా అమ్మోళ్లు బయట ఇసక మీదే ఎండేస్తన్నారు.”

“మరి షెడ్డులో?”

“మేకలుంటన్నాయి సార్. వాటికి బాగా నచ్చింది.”

“వెటకారమా? పదేళ్లుగా ఆ గోడ మీదే పాఠం చెప్తన్నాను. సంతకం పెట్టకపోతే నీకు ఏడాది పోతాది.”

“గీసే ముందు అక్కడొక రోజు కూర్చోమని మీరే సెప్పారు కదా. మీరెన్ని రోజులు కూర్చున్నారు సార్?”

“…గూగుల్ మ్యాప్‌లో చూసేను.”

“సార్!”

“పెన్నియ్యి. మేకల ఫొటో ఉందా?”

“ఉంది సార్. భయమేసి దాచీసాను.”

“మొదటి షీటులో అంటించు. కింద ఆ షెడ్డు గీసినోడిగా నా పేరు రాయి.”