తేనె పెట్టెకు ఆయుధ పూజ

నోరు మూసుకుని ఉంటే లక్ష్మణ పని ఆ పొద్దు ఎట్లాగో గట్టెక్కేది. కానీ మూసుకునేదైతే అది లక్ష్మణ నోరెందుకవుతుంది?

వెల్లిచందై రోడ్డుమీద పాప్పాత్తి టీ కొట్టు. ఎదురు బెంచీ మీద కొబ్బరి తోపు శివలింగం. కాపు బాగుంటుందని తోపులో తేనీగల పెట్టెలు పెట్టించాలని ఆయన ఆలోచన. ఎవరో లారీలో ఇటలీ ఈగలు తెస్తామన్నారట. తోపులో ఆ చోటు తన నాటు ఈగలకు ఇవ్వకపోతే లక్ష్మణ మళ్లీ బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోవాలి. పాపం, అతనికున్నదే ఒక్క పెట్టె, అదీ ఆయుధ పూజ మర్నాటి నుంచి ఖాళీ. ఆ సంగతి తనకూ, భార్య మునివెంకటమ్మకూ తప్ప ఎవరికీ తెలియదని అతని ధైర్యం.

“నాటు ఈగలకు రోషమెక్కువంట గదప్పా? అలిగితే గూడొదిలి లేచిపోతాయంట,” అన్నాడు శివలింగం.

ఈయనకు తెలిసిపోయిందా అనుకున్నాడు లక్ష్మణ. నాలుక మాత్రం తొణకలేదు.

“ఎవురు చెప్పినారు మామా? ఇటలీ ఈగకు పూత లేకుంటే చక్కెర పాకం పోసి కూచోబెట్టల్ల, కొత్తల్లుడి మాదిరి. మనది అట్లా కాదు. చింత పూతో తుమ్మ పూతో అదే ఎతుక్కుంటాది. ఒగనాడు పొగ లేకుండా, ఉత్త చేతుల్తో మూత తీసినాను. ఒగటన్నా కుట్టిందా? కుట్టలే!”

“అంత మందమా అన్నా నీ తోలు?” అన్నాడు తాపీ పని చేసే కొత్తనారు మాదేష్, టీ ఊదుకుంటూ.

“వినప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పెద్ద కందిరీగ వచ్చింది. మన ఈగలు గుంపుగా దాన్ని చుట్టుకుని, ఒంటి వేడితోనే ఉడికించి చంపినాయి!”

ఇది నిజం. నాటు ఈగలు అట్లాగే చేస్తాయి. ఒక్క నిజం చెప్పగానే లక్ష్మణకు ఎక్కడలేని ఊపు వచ్చింది.

“అంతటితో ఊరుకున్నాయా? పక్కూరి ఇటలీ పెట్టెలు లారీలో పోతా ఉంటే ఎదురుపోయి గుయ్యిమని ఒగటే మాట. లారీలో ఈగలన్నీ దిగొచ్చి, మమ్మల్ని గూడా పెట్టుకో సామీ అని నా వాకిట్లో నిలబడినాయి!”

“ఏ బాసలో అడిగినాయప్పా?” అంది పాప్పాత్తి.

“వచ్చినపుడు ఇటలీ బాసే అక్కా. నెల తిరక్కుండా మన మాటలు పట్టేసినాయి!”

ఇక్కడ ఆపాలని లక్ష్మణకూ తెలుసు. కానీ శివలింగం నవ్వకుండా చూస్తున్నాడు. ఆ చూపుకు భయపడి ఇంకో మెట్టెక్కాడు.

“మొన్న వానకు కంబైనల్లూరులో బస్సు లేక నిలబడి ఉండాను. నా ఈగలు పెట్టెను మోసుకుని గాల్లో వచ్చినాయి మామా! ఎక్కి కూచున్నాను. అదియమాన్‌కోట్టై మీద పోతా ఉంటే కింద కోయిల్లో పూజారి పైకి చూసి నాకు హారతి పట్టినాడు! అట్లాంటి ఈగలు నన్నిడిచి పోతాయా? పొమ్మన్నా పోవు!”

కొట్టంతా గొల్లున నవ్వింది. శివలింగం గ్లాసు కింద పెట్టాడు.

“పూజ మర్నాడు నా పంపుసెట్టు గదిలో ఒగ ఈగల గుంపు వాలింది. ఎవురివని అడుగుతా ఈ పొద్దున మీ ఇంటికి పోయినాను. మునివెంకటమ్మ నీ పెట్టె చూపించింది. పైన పసుపూ కుంకుమా బంతిపూల దండా. లోపల చీమలు.”

లక్ష్మణ సిగ్గుతో చచ్చిపోయాడు. “అందరూ బండికీ కొడవలికీ పూజ చేస్తారు గదా మామా. నాకుండే ఆయుధం అదే. పెట్టె వాకిలి కాడ సాంబ్రాణి పొగ రవంత ఎక్కువైంది.”

“మరి యాడికి పోయినాయో తెలుసునా నీకు?”

“తెలీదు మామా.”

కందిరీగ, సాంబ్రాణి పోను, ఆ పొద్దు అతను చెప్పిన మూడో నిజం అది.

“నా పంపుసెట్టు కాడికి వచ్చినవాటిని పొమ్మంటే పాపం. ఇటలీ వాళ్లకు వద్దని చెప్పేసినాను,” అంటూ శివలింగం లేచాడు. “సాంబ్రాణి ఇంటికాడ పెట్టి, పెట్టె తీసుకుని రా. ఈసారి మాత్రం దాన్ని నువ్వే మోసుకుని రా.”