రాజుగారి చెరువు తోడు

సంపూర్ణమ్మ గంగాధర్ కొట్టుకి వచ్చింది టీ కోసం కాదు. శ్రీనివాసరాజుగారి రొయ్యల చెరువులో నీళ్లు కాలవలోకి వదిలితే, ఆ నీళ్లు ముందు చేరేది ఆవిడ చెరువుకే. రాజుగారి చెరువులో రొయ్య చచ్చి తేలుతోందని ఊరంతా అనుకుంటోంది. ఈ సాయంత్రమే తూము ఎత్తుతారని కూడా అంటున్నారు. ఆవిడ చెరువులో రొయ్య ఇంకొద్ది రోజుల్లో పట్టుబడికి వస్తుంది. ఉన్నదంతా అందులోనే పెట్టింది.

"రాజుగారూ, మీ చెరువులో జబ్బుందాండీ?" అని కొట్టు ముందు కూర్చున్న ఆయన్ని తిన్నగా అడిగేసింది.

ఒక్క మాట అడిగితే పది చెప్పే మనిషి ఆయన. కొడవలి లేకుండానే కోసేస్తారు.

"జబ్బా! అబ్బే, ఏదో చిన్న బ్యాక్టీరియా అండి. మందేశాను, చావలేదు. రెండింతలేశాను, చావలేదు. వేరే మందేస్తే అదీ తిని బలిసిందండి బాబూ! మందులషాపాయన దణ్ణం పెట్టేశాడు. మరి ఎవరి చెరువనుకున్నారు?"

"ఆయ్," అన్నాడు టీ పోస్తున్న గంగాధర్.

"మా అమ్మాయి మంజుష రాజమండ్రిలో మైక్రోబయాలజీ చదువుతోంది కదండీ, నీళ్లు పట్టుకెళ్లి చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మందుని తట్టుకునే జీను, అదే జన్యువు, మొదట ఒక్క బ్యాక్టీరియాకే ఉందిటండి. అది పక్కదానికి ఇచ్చింది, పక్కది ఆ పక్కదానికి. మన ఆస్తి తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది కదండీ. వీటికి అదొక్కటే కాదుట. పక్కింటావిడ గిన్నె పట్టుకొస్తే పెరుగు తోడు వేస్తారే, అలాగ కూడా ఇచ్చేస్తాయిట. కులం లేదు, గోత్రం లేదు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదన్న పట్టింపు అసలే లేదు."

"చచ్చిపోయినవాటి సంగతేంటండీ?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"చచ్చినదాని జీను నీళ్లలో తేలుతుంటే బతికినది లాక్కుని వాడేసుకుంటుందండి. వైరస్ మోసుకొచ్చి ఇవ్వడమూ ఉందిట. భూమ్మీద జీవం పుట్టిన కొత్తలో ఇదే పనిట. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, ఉన్నవల్లా ఇవే. ఒకటి ఎండతో బతకడం నేర్చింది, ఇంకోటి వేడిని ఓర్చుకోవడం నేర్చింది. ఏ విద్యా దాచుకోలేదు, పంచేసుకున్నాయి. అందుకే ఏది దేని సంతానమో సైంటిస్టులకే ఓ పట్టాన తేలడం లేదుట."

ఇంతవరకూ నిజమేననిపించింది సంపూర్ణమ్మకి. చదువుకుంటున్న పిల్ల చెప్పిన మాట కదా. కానీ అక్కడితో ఆగితే ఆయన రాజుగారెలా అవుతారు?

"ఆ మొట్టమొదటి తోడు ఎక్కడిదనుకున్నారు? మా చెరువుదేనండి! గోదారి ఇంకా పుట్టలేదు, మా చెరువుంది."

"పాస్‌బుక్కు అప్పుడూ మీ పేరు మీదేనాండీ?" అన్నాడు గంగాధర్.

"నవ్వకండి. మొన్న ఆ నీళ్లు గ్లాసుడు తెచ్చి మరుగుతున్న టీలో పోశాను. చచ్చాయా? పంచదార ఎక్కువైందని అలిగాయి! పట్టిసీమ దగ్గర గోదార్లో ఒక్క చుక్క వేశానండి. సాయంత్రానికల్లా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర బ్యాక్టీరియా అంతా 'రాజుగారి తోడు వచ్చింది' అని గిన్నెలు పట్టుకుని వరసలో నుంచుంది! అడిగినదానికీ అడగనిదానికీ పంచుకుంటూ సముద్రం దాకా పోయింది. వాటికి మందా? ఈ భూమ్మీద లేదండి!"

కొట్టు దగ్గర అందరూ పగలబడి నవ్వారు. సంపూర్ణమ్మ మాత్రం నవ్వలేదు. ఒళ్లు మండింది, భయమూ వేసింది.

"అయితే ఒక్క చుక్క చాలంటారు."

"చాలునండి!" అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ.

"మరి తూమెత్తి చెరువు చెరువంతా వదిలితే ఎలాగండీ? మీవి వచ్చి నా చెరువులో వాటికి ఆ విద్య నేర్పేస్తే, రేపు నేను ఏ మందెయ్యాలి?"

రాజుగారి గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. 'అబ్బే, కొంచెం కలిపి చెప్పానండి' అందామనుకున్నారు. అంటే ఇంతసేపూ కోసినవన్నీ కోతలేనని పదిమందిలో ఒప్పుకున్నట్టే. అనకపోతే తూము ఎత్తడానికి లేదు. ఆయన అటూ ఇటూ చూశారు. ఎవరూ సాయం రాలేదు.

గంగాధర్ లైటు వేసి, దేవుడి పటం ముందు దీపం వెలిగించాడు.

"దీపాలు పెట్టేశారు," అంటూ లేచింది సంపూర్ణమ్మ. "ఇంక తోడు బయటికివ్వకూడదండీ రాజుగారూ. నడవండి, తూముకి తాళం వేసొద్దాం."

"ఆయ్," అన్నారు రాజుగారు. ఆ ఒక్క ముక్కే అని, గ్లాసు కింద పెట్టి ఆవిడ వెనకే నడిచారు.